గోడకో బొమ్మ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒడిశా వైపు తెలుగువాళ్లవే. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, గుణుపురం, జయపురం, ఛత్రపురం. రాసినవాళ్లందరూ మనుషుల బొమ్మలు వేసేవాళ్లే. మామూలు సంసారులు కొనగలిగే ధరకు వాటిని అమ్మాలని అందరి కోరిక. ఒకే సందేహాన్ని నలుగురు అడిగినచోట ఒక్క ఉత్తరమే వేశాం.

బరంపురం పాఠకురాలు: సంతలో కూరలమ్మేవాళ్లు, గంపలెత్తుకున్న ఆడవాళ్లు, ఠాకురాణీ యాత్ర (మా ఊరి అమ్మవారి జాతర) వేషాలు అక్రిలిక్‌తో వేస్తాను. రెండడుగులు మూడడుగుల కాన్వాసుకు ఏడువేలు చెబుతుంటే, ‘చాలా బాగుందమ్మా’ అని మెచ్చుకుని వెళ్లిపోతున్నారు. తగ్గిస్తే రంగుల డబ్బులే రావు. ఎక్కడ తగ్గించుకోవాలి?

సైజులో తగ్గించండి. రంగు నాణ్యతలోనూ, బొమ్మ వేసే పలక నాణ్యతలోనూ వద్దు. రెండు బెడ్రూముల ఇంట్లో రెండడుగులు మూడడుగుల బొమ్మకు ఖాళీ గోడ దొరకడమే కష్టం. మెచ్చుకున్నవాళ్లు వెళ్లిపోవడానికి డబ్బు ఒక్కటే కారణం కాకపోవచ్చు. ఒంటి మనిషి బొమ్మకు 12 అంగుళాలు 16 అంగుళాలు చక్కగా సరిపోతుంది. ద్వారబంధం పక్కన కూడా పడుతుంది.

కాన్వాసు బదులు 3 మిల్లీమీటర్ల హార్డ్‌బోర్డు తీసుకోండి. ఎనిమిదడుగులు నాలుగడుగుల షీటుకు 12×16 పలకలు 24 వస్తాయి. కాగితం మీద లెక్క అది. రంపం ఒక్కో కోతకు సుమారు ఎనిమిదో వంతు అంగుళం తినేస్తుంది. పొడవున అయిదు కోతలు పడతాయి కాబట్టి ‘పదహారు అంగుళాలకు కొయ్యండి’ అని చెబితే చివరి వరస ముక్కలన్నీ అర అంగుళానికి పైగా పొట్టివవుతాయి. ‘పొడవును ఆరు సమాన భాగాలు చెయ్యండి’ అని వడ్రంగికి చెప్పండి. అన్నీ పిసరంత చిన్నవవుతాయి, ఫ్రేము గాడిలో ఆ తేడా దాగిపోతుంది.

పలకకు ప్రైమరు, అంటే రంగుకు ముందు వేసే పూత, రెండువైపులా, నాలుగు అంచులకూ వెయ్యాలి. ఒకవైపే వేస్తే వెనకవైపు తేమ పీల్చి వానాకాలంలో పలక అప్పడంలా వంగుతుంది. నున్నటి వైపు 120 నంబరు ఎమరీ పేపరుతో తేలిగ్గా గీరి, దుమ్ము తుడిచి, మొదటి పూతలో నాలుగో వంతు నీళ్లు కలపండి. తర్వాతి రెండు పూతలు చిక్కగానే, ఒకటి అడ్డంగా ఒకటి నిలువుగా. పూతకూ పూతకూ మధ్య 220 ఎమరీ. గోడల డిస్టెంపరు చవకని దాంతో పని కానిచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. అది సుద్దలా పొడిరాలే సరుకు. మీ బొమ్మ ఆ పొడిని పట్టుకుని వేలాడుతున్నట్టే లెక్క. మూడో ఏడు పొరలు పొరలుగా లేస్తే కొన్నావిడ డిస్టెంపరుని తిట్టదు.

ఒక్కో బొమ్మనూ మొదటినుంచి చివరిదాకా వెయ్యకండి. నాలుగు పలకలు వరసగా పెట్టుకుని అన్నిటికీ నేలరంగు, అన్నిటికీ నీడలు, అన్నిటికీ చీరలు, చివర్న ముఖాలు. ఒకటి ఆరేలోపు ఇంకోటి నడుస్తుంది, కలిపిన రంగు పళ్లెంలో ఎండిపోదు. బొమ్మ గీత దించడానికి కాగితం వెనక బొగ్గు రాసి వాడండి. కార్బన్ పేపరులో మైనం ఉంటుంది, దాని మీద అక్రిలిక్ సరిగా పట్టదు.

ఇంత చిన్న పలక మీద పెద్ద కాన్వాసు అలవాట్లు చెల్లవు. నిలువెత్తు మనిషి 12 అంగుళాలుంటే, మనిషి ఏడున్నర తలల ఎత్తని లెక్క వేసుకుంటే, తల 1.6 అంగుళాలు. వెడల్పు అందులో మూడింట రెండొంతులు. ముఖం వెడల్పులో కన్ను అయిదో వంతు, అంటే అయిదారు మిల్లీమీటర్లు. అంత చోట రెప్పలూ కనుపాపలో మెరుపూ పెట్టబోతే కన్ను కాస్తా చీమ అవుతుంది. పైరెప్ప నీడకు ఒక ముదురు గీత, దాని కింద ఒక చుక్క చాలు. కంటి తెలుపుకు తెల్లరంగు ముట్టుకోకండి, చర్మం రంగుకే కాస్త బూడిద కలిపితే సరి.

గంప మోసే మనిషికి మెడ నిలువుగా ఉండాలి. నడుస్తున్నప్పుడు బరువు ఏ కాలి మీద ఉందో ఆ చీలమండ మీదికి మెడ గుంట నుంచి తూకందారం దించినట్టు చూసుకోండి. గంప పట్టుకున్న చెయ్యి పొట్టిగా రావడం అందరూ చేసే తప్పు. చెయ్యి నిలువుగా ఎత్తితే మోచెయ్యి దాదాపు మాడు ఎత్తుకు వస్తుంది. అద్దంలో చూసుకుని వెయ్యండి. మీ ఊరి పట్టుచీర వేసేటప్పుడు కుంభ అంచు త్రికోణాలన్నీ స్కేలు పెట్టినట్టు ఒకే కొలతలో వెయ్యకండి. మడత వంపు తిరిగేచోట త్రికోణాలు ఒకదాని మీదికి ఒకటి జరిగి సన్నబడతాయి. మడత లోపలికి వెళ్లేచోట సగమే కనిపిస్తాయి. చీర కుదిరేదీ, అట్టముక్కలా నిలబడిపోయేదీ అక్కడే.

ఇక ధర. లెక్క కోసం అనుకున్న అంకెలివి, మీ ఊరి ధరలు మీరు వేసుకోండి. పలక, ప్రైమరు, రంగు 180 రూపాయలు. ఫ్రేము 350. పని ఏడు గంటలు, గంటకు 150 చొప్పున 1,050. ప్యాకింగు, పాడైన పలకల వాటా 120. మొత్తం 1,700. కొట్టువాడు 30 శాతం కమిషన్ అడిగాడనుకోండి. చాలామంది 1,700కు 30 శాతం కలిపి 2,210 చీటీ అంటిస్తారు. అతను పట్టుకునేది 2,210 మీద 30 శాతం, అంటే 663. మీ చేతికొచ్చేది 1,547. అసలులోనే 153 పోయింది. 1,700ను 0.7తో భాగించాలి. 2,430 దగ్గర తేలుతుంది, 2,450 అనండి. ఇంటి దగ్గర అమ్మినా అదే ధర చెప్పండి. మీ దగ్గర 1,800కు దొరుకుతుందని తెలిస్తే ఆ కొట్లో మీ బొమ్మ మళ్లీ వేలాడదు.

రాయగడ పాఠకుడు: నేను వేసే ముఖాలన్నీ విభూతి రాసుకున్నట్టు వస్తున్నాయి. రాత్రి బాగానే ఉంటుంది, తెల్లారేసరికి ఇలా. రంగుల్లో లోపమా?

రెండు తప్పులు కలిశాయి. మొదటిది తెలుపు. మన ఛాయల మీద వెలుగు పడేచోట టైటానియం వైట్ ఒక్కటే కలిపితే రంగు లేతబడుతుంది కానీ చల్లబడి, అంటే నీలం వైపు వాలి, సున్నంలా అవుతుంది. వెలుగు పడే చోటుకు మొదట యెల్లో ఆకర్, చిటికెడు నారింజ ఎరుపు, ఆ తర్వాతే తెలుపు. మధ్యరకం చామనఛాయకు బర్న్ట్ సియెన్నా రెండు పాళ్లు, యెల్లో ఆకర్ రెండు పాళ్లు, తెలుపు ఒక పాలు, అల్ట్రామెరైన్ బ్లూ కుంచె మొనకు అంటినంత. నీడకు బర్న్ట్ సియెన్నా, అల్ట్రామెరైన్. నలుపు వద్దు. నలుపూ పసుపూ కలిస్తే ఆకుపచ్చ వాలుతుంది, ముఖం జబ్బు మనిషిదిలా కనిపిస్తుంది. చెవులు, ముక్కు కొస, వేళ్ల కణుపులు ఎరుపు వైపు ఉంటాయి, నుదురు పసుపు వైపు, గడ్డం గీసుకున్న మగవాళ్ల దవడ నీలిబూడిద వైపు. ముఖమంతా ఒకే రంగు వేసి, ముదురూ లేతా మాత్రమే మార్చితే పైన చెప్పినవన్నీ పాటించినా బొమ్మ మట్టిబొమ్మే.

రెండోది మీ ట్యూబ్‌లైటు. తెల్ల ట్యూబ్‌లైటు చల్లటి వెలుగులో కలిపిన చర్మం పగటి వెలుగులో వేరుగా కనిపిస్తుంది. అదీగాక అక్రిలిక్ తడి మీద లేతగా ఉండి ఆరాక ముదురుతుంది. అందులో రంగుపొడిని పట్టి ఉంచే బంధకం తడిగా ఉన్నప్పుడు పాలలా తెల్లగా ఉంటుంది, ఆరితే గాజులా అయిపోతుంది. ఆ తెల్లదనం పోయినంత మేర రంగు దిగుతుంది. ముఖం మొదలుపెట్టే ముందు ప్రైమరు వేసిన చిన్న ముక్క మీద మూడు ఛాయలు పులిమి పది నిమిషాలాగి, కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూడండి. ముఖాలు పొద్దున పూటకు పెట్టుకోండి. రాత్రిళ్లు పలకలకు ఎమరీ పట్టుకోవచ్చు.

పర్లాకిమిడి పాఠకుడు: చనిపోయిన నాన్నగారి బొమ్మ వెయ్యమని ఒకాయన ఆధార్ కార్డు ఇచ్చారు. ఇంకో ఫొటో లేదట. ఒప్పుకోవచ్చా? అలాంటి పనులకు షరతులేం పెట్టుకోవాలి? ఆ బొమ్మ ఫొటో తీసి నా ప్రచారానికి వాడుకోవచ్చా?

ఆధార్ ఫొటోలో ఎవరి ముఖమూ వాళ్లది కాదు. ముందు పెళ్లి ఆల్బమ్ అడగండి. పాతిక మంది గుంపులో నిలబడ్డ ఫొటో అయినా పరవాలేదు, మెడ వాలు, భుజాల తీరు, నవ్వు అందులో దొరుకుతాయి. అన్నదమ్ముల చెవులూ ముక్కూ చూసినా సాయమే. ఏదీ దొరక్కపోతే ఒప్పుకోండి గానీ చిన్నది వెయ్యండి, 8×10 చాలు. తపాలాబిళ్లంత ఫొటోను రెండడుగులకు పెంచితే మధ్యలో ఉన్న వివరమంతా మీ ఊహే అవుతుంది. ఇంటావిడ చూడగానే ‘ఈయన కాదు’ అంటుంది, ఆమె మాటే నిజం.

బతికున్నవాళ్లయితే మీరే ఫొటో తీసుకోండి. ఫోను దగ్గరగా పెడితే ముక్కు లావై చెవులు వెనక్కి పోతాయి. రెండు మీటర్ల దూరం నుంచి జూమ్ చేసి, ఒకవైపు కిటికీ వెలుగు పడేలా, ఫ్లాష్ లేకుండా తియ్యండి.

షరతుల విషయం. సగం డబ్బు ముందు. పెన్సిలు గీత చూపించి ఒప్పించుకున్నాకే రంగు. గీత దశలో మార్పులు ఎన్నయినా సరే, రంగు వేశాక ఒక్కసారే. ‘కాస్త తెల్లగా వెయ్యండి’ అనేవాళ్లు తప్పకుండా వస్తారు. ఆ మాట రంగు మొదలుపెట్టక ముందే బయటికి రప్పించండి.

హక్కుల దగ్గర చాలామంది పొరపడతారు. మీకు మీరు వేసి అమ్మిన బొమ్మకు కాపీరైటు మీదే, బొమ్మ కొన్నంత మాత్రాన కొన్నవాళ్లది కాదు. కానీ 1957 కాపీరైటు చట్టం 17వ సెక్షను ప్రకారం, ఒకరు డబ్బిచ్చి వేయించుకున్న బొమ్మకు, వేరే ఒప్పందం లేకపోతే, తొలి హక్కుదారు వేయించుకున్నాయనే. కాబట్టి రసీదు మీదే ఒక వాక్యం రాయించుకోండి: ‘ఈ బొమ్మ ఫొటోను చిత్రకారుడు తన పని నమూనాగా చూపించుకోవచ్చు.’ కింద ఇద్దరి సంతకాలు.

బరంపురం నుంచే ఇంకొకరు: గంప మోసే అమ్మాయి బొమ్మ మూడు రోజుల్లో అమ్ముడుపోయింది. అదే కావాలని మరో నలుగురు అడుగుతున్నారు. మళ్లీ వేస్తే కళకు ద్రోహం అంటున్నాడు మా స్నేహితుడు.

మీ స్నేహితుడు అమ్మకానికి బొమ్మలు వెయ్యడు కాబోలు. పందొమ్మిదో శతాబ్దంలో కలకత్తా కాళీఘాట్ గుడి దగ్గర బొమ్మలు వేసే పటువాలు యాత్రికులకు చవగ్గా అమ్మింది పదేపదే వేసిన బొమ్మలనే. బెంగాల్ చిత్రకారుడు జామినీ రాయ్ తన బొమ్మలు మామూలు ఇళ్లకు చేరాలని ధర కావాలనే తక్కువ ఉంచాడు, ఒకే బొమ్మను మళ్లీ మళ్లీ వేశాడు. రవివర్మ 1894లో బొంబాయిలో అచ్చు యంత్రం పెట్టించి ఆ పని రాతి అచ్చుకే అప్పగించాడు. మన ముత్తవ్వల పూజగదుల్లోకి లక్ష్మీ సరస్వతులు వచ్చింది ఆ దారినే.

ద్రోహమెక్కడంటే, అయిదోసారి వేసింది కూడా ‘ఇదొక్కటే ఉంది’ అని అమ్మడంలో. వెనక నెల, ఏడు, ఎన్నోసారి వేసిందో రాయండి. ప్రతిసారీ ఒకటి మార్చండి: వెలుగు దిక్కో, చీర రంగో, గంపలో సరుకో. చెయ్యి కూడా మొద్దుబారదు. ముఖంలో చూపు పోయి, అచ్చుగుద్దినట్టు వస్తోందని మీకే అనిపించిన రోజు ఆపెయ్యండి. మా లెక్కన ఎనిమిదో పదో దాటితే అది తప్పదు.

ఛత్రపురం పాఠకురాలు: వానాకాలం వెళ్లేసరికి కాన్వాసుల మీద బూజు మచ్చలు, మేకుల చుట్టూ తుప్పు. ఒకదానిమీదొకటి పెట్టినవి అతుక్కుపోయాయి. ఎలా బాగుచెయ్యాలి?

అతుక్కున్నవాటిని గుంజకండి. అక్రిలిక్ వేడికి మెత్తబడి జిగురవుతుంది, చల్లబడితే గట్టిపడుతుంది. చల్లటి గదిలో గంటసేపు ఉంచి మూలనుంచి మెల్లగా విడదియ్యండి. ఇకమీదట నిలువుగా, పుస్తకాల్లా పెట్టండి. మధ్యలో బేకింగుకు వాడే సిలికాన్ పూత కాగితం పెట్టండి, పాలిథీన్ వద్దు. పార్సిలు కట్టేటప్పుడు కూడా ముందు ఆ కాగితం, దాని మీద బుడగల షీటు. బుడగలు బయటివైపుకు ఉండాలి. లోపలివైపుకు తిప్పితే ఎండలో నిలబడ్డ బస్సు డిక్కీలో బొమ్మంతా గుండ్రటి ముద్రలు పడతాయి. అవి పోవు.

బూజును ఆరుబయట, ముక్కుకు గుడ్డ కట్టుకుని, మెత్తటి పొడి కుంచెతో దులపండి. మిగిలిన మచ్చను నీళ్లలో ముంచి గట్టిగా పిండిన దూదితో అద్దండి, రుద్దకండి. స్పిరిటు, శానిటైజరు, అద్దాలు తుడిచే ద్రవం దగ్గరికి రానివ్వకండి. ఆల్కహాలుకు అక్రిలిక్ కరుగుతుంది, బూజుతో పాటు బుగ్గ కూడా దూదికి వచ్చేస్తుంది.

మామూలు ఇనప మేకుల బదులు స్టెయిన్‌లెస్ స్టీలువి వాడండి. మీది సముద్రం గాలి. ఫ్రేము వెనక కింది రెండు మూలల్లో సీసా బిరడా ముక్కలు అంటించండి, గోడకూ బొమ్మకూ మధ్య గాలి ఆడుతుంది. వాన కొట్టే వెలుపలి గోడకు లోపలివైపున ఏ బొమ్మా వేలాడదీయొద్దని కొన్నవాళ్లకు కూడా చీటీ మీద రాసివ్వండి.

గుణుపురం పాఠకుడు: సౌరా గిరిజనుల బొమ్మలు బాగా అడుగుతున్నారు. నేను సౌరావాణ్ని కాదు. వెయ్యొచ్చా?

సౌరాల గోడబొమ్మను ఇడితాల్ అంటారు. అది గోడ అలంకరణ కాదు. ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండి తెలుపుతో, దేవతల కోసం, పూర్వీకుల కోసం వేసి పూజ చేసేది. దాన్ని చూసి నేర్చుకుని మీ బొమ్మల్లో ఆ గీత వాడుకోవచ్చు, ‘అసలు ఇడితాల్’ అని మాత్రం అమ్మకండి. రాయగడ, గజపతి జిల్లాల్లో వేసే సౌరాలు ఉన్నారు, అడిగినవాళ్లను వాళ్ల దగ్గరికి పంపండి. వేసేట్టయితే మహారాష్ట్ర వైపు వార్లీ గిరిజనుల బొమ్మలతో కలిపెయ్యకండి. వార్లీ మనిషి మొనలు కలిసిన రెండు త్రికోణాలు. సౌరా మనిషి ఇంకా పొడుగు, కోణాలు అంత పదునుగా ఉండవు. సౌరా బొమ్మకు ముందు చుట్టూ అంచు గీసి, లోపలికి నింపుకుంటూ వెళతారు.

జయపురం పాఠకురాలు: బాపు బొమ్మలు, వడ్డాది పాపయ్య బొమ్మలు చూసి కాన్వాసు మీద పెద్దవిగా వేస్తే విశాఖలో వెంటనే కొంటున్నారు. ఇబ్బంది ఉందా? నా సొంత బొమ్మలకు ప్రింట్లు తీయిస్తే మసకగా వస్తున్నాయి, ఎందుకు?

ఇబ్బంది ఉంది. చిత్రకారుడు పోయిన మరుసటి జనవరి నుంచి 60 ఏళ్లు ఆ బొమ్మల మీద హక్కు ఉంటుంది. పాపయ్య 1992లో పోయారు కాబట్టి 2052 చివరిదాకా, బాపు 2014లో పోయారు కాబట్టి 2074 చివరిదాకా. చూసి నేర్చుకోవడం వేరు, అమ్మడం వేరు. వాలుజడా పెద్దకళ్లూ ఎవరి సొత్తూ కాదు, ఫలానా బొమ్మలో ఫలానా భంగిమ మాత్రం వాళ్లదే. రవివర్మ 1906లోనే పోయాడు, ఆయనవి నిరభ్యంతరంగా వేసుకోవచ్చు. కింద ‘రవివర్మ చిత్రానికి అనుకరణ’ అని రాయండి.

ప్రింటు మసకకు కారణం ఫొటోయే అయ్యుంటుంది. 12×16 ప్రింటుకు అంగుళానికి 300 చుక్కల చొప్పున 3,600×4,800 పిక్సెళ్లు కావాలి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే అది కుదించి పంపుతుంది. డాక్యుమెంటుగా పంపండి, లేదా పెన్‌డ్రైవులో ఇవ్వండి. ఫొటో వరండా నీడలో, బొమ్మ గోడకు నిలువుగా ఆనించి, ఫోను సరిగ్గా దాని నడుమ ఎత్తులో పట్టి తియ్యండి. బొమ్మ పక్కనే తెల్ల కాగితం ముక్క ఒకటి పెట్టండి. ప్రింటులో ఆ కాగితం పసుపుగా వస్తే రంగు సర్దమని అచ్చువాడికి అదే చూపించొచ్చు.